లిటిల్ లీగ్ శనివారాలు

శనివారం ఎనిమిదిన్నరకు మొదటి ఆట ఉందంటే ఆరున్నరకల్లా షెడ్డు తాళం తియ్యాల్సిందే. ఏప్రిల్‌లో ఆ వేళకి గడ్డి మీద మంచు ఇంకా ఆరదు, మేజోళ్ల దాకా తడిసిపోతాయి. వచ్చేది ఇద్దరో ముగ్గురో. ఎవరికీ జీతం లేదు, పెట్రోలు ఖర్చు కూడా ఎవరూ ఇవ్వరు. అమెరికాలో ఊరూరా ఉన్న లిటిల్ లీగ్‌లు, అంటే పిల్లల బేస్‌బాల్ సంఘాలు, అప్పుడూ ఇప్పుడూ ఇలాగే నడుస్తున్నాయి. ప్రెసిడెంటు మొదలుకొని చెత్తడబ్బాలో సంచీ మార్చే మనిషి దాకా అంతా ఆడే పిల్లల అమ్మానాన్నలే. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయినా రావడం మానని వాళ్లు ఒకరిద్దరు ప్రతి లీగ్‌లోనూ ఉంటారు. ఏ తాళంచెవి ఏ గేటుదో వాళ్లకే తెలుసు.

మొదటి పని బేస్‌లు, అంటే పరిగెత్తేవాళ్లు తాకాల్సిన చదరపు దిండ్లు, బిగించడం. చెప్పుకోడానికి రెండు నిమిషాల పనే. నేలలో పాతిన చదరపు ఇనుప గొట్టంలోకి బేస్ అడుగునున్న కాడ దిగాలి, అంతే. కాని అంతకుముందు ఆడినవాళ్లు బేస్ పీకి, గొట్టానికి బిరడా పెట్టకుండా పోయారంటే అందులో మట్టి చేరి, వానకి నాని, ఎండకి బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు పాత చెంచా ఒకటి, పెద్ద స్క్రూడ్రైవరు ఒకటి, నీళ్ల సీసా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి. కాసిని నీళ్లు పోసి, రెండు నిమిషాలు ఆగి, చెంచాతో గీకి, బురద తీసి పక్కన పెట్టి, మళ్లీ పోయాలి. తొందరపడి సగం మట్టే తీసి బేస్‌ని కాలితో నొక్కేస్తే అది ఒకవైపు అరంగుళం లేచి కూర్చుంటుంది. పరిగెత్తుకొచ్చే పిల్లాడి కాలు వెతుక్కుని మరీ ఆ అంచుకే తగులుతుంది.

2008 నుంచి లిటిల్ లీగ్‌లో గట్టిగా తగిలితే ఊడిపోయే బేస్‌లే వాడాలన్న నియమం వచ్చింది. స్లయిడ్ చేస్తూ, అంటే నేల మీద జారుతూ, వచ్చిన పిల్లాడి పాదం కదలని బేస్‌కి కొట్టుకుంటే విరిగేది చీలమండే కాబట్టి. మంచి నియమమే. కాకపోతే పైభాగానికీ కింది పళ్లేనికీ మధ్య ఇసుక చేరిందా, ఊడాల్సినప్పుడు ఊడదు, ఊరికే తొక్కితే ఊడొస్తుంది. ఆటకీ ఆటకీ మధ్య ఒక్కసారి పైది లేపి చేత్తో తుడిస్తే చాలు. ఆ పని చేసే మనిషి ఉన్న లీగ్ వేరు, లేని లీగ్ వేరు.

కొలతలు సీజన్ మొదట్లో ఒకసారి వేస్తే సరిపోతుంది. పన్నెండేళ్ల దాకా ఉన్నవాళ్లకి బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు, బంతి వేసే పిచర్ కాలు ఆనించే రబ్బరు పట్టీకి 46 అడుగులు. చిన్న పిల్లల టీ-బాల్‌కి 50 అడుగుల బేస్‌లు పెట్టుకోవచ్చు. అన్నీ హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోట నేలలో ఉండే ఐదు మూలల పలక, వెనక మొన దగ్గర్నుంచే కొలవాలి. కొత్తగా వచ్చినవాళ్లు టేపుని ప్లేట్ ముందు అంచుకి పెడతారు. ముందు అంచు నుంచి మొనకి 17 అంగుళాలు, అంటే పిచర్ అంత వెనక్కి పోతాడు. తొమ్మిదేళ్ల చెయ్యికి అది చిన్న దూరం కాదు, ప్లేట్ దాటాల్సిన బంతి ప్లేట్ ముందే నేలకి తగులుతుంది. మొన నుంచి రెండో బేస్ మధ్యకి 84 అడుగుల 10¼ అంగుళాలు. ముందు అది గుర్తు పెట్టుకుని, ఒక టేపు మొన దగ్గరా ఇంకోటి ఆ గుర్తు దగ్గరా పట్టుకుని, రెండిటినీ 60 అడుగుల దగ్గర కలపాలి. కుడిపక్క కలిసిన చోటు మొదటి బేస్ వెనక మూల, ఎడమపక్క కలిసింది మూడోదానిది. మొదటిదీ మూడోదీ పూర్తిగా గీతకి లోపలే ఉండాలి. ముగ్గురు మనుషులు, రెండు టేపులు, నాలుగు మేకులుంటే అరగంట పని. ఇద్దరే ఉంటే గంటన్నర, మధ్యలో ఒక పోట్లాట.

ఇక మట్టి. లీగ్‌కి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఆట గురించి కంటే మట్టి గురించే ఎక్కువ మాట్లాడతారు. ఎర్రమట్టి దున్నినట్టు ఉండకూడదు, రోడ్డులా గట్టిపడకూడదు. పొడిగా ఉంటే ముందు పైపుతో తేలిగ్గా తడిపి, బేస్‌ల మధ్య దారిని చేతి రేక్‌తో పొడుగునా లాగాలి, అడ్డంగా కాదు. అడ్డంగా లాగితే మట్టి గడ్డిలోకి పోతుంది. తర్వాత ఇనుప వలలా ఉండే డ్రాగ్ మ్యాట్‌ని నెమ్మదిగా, చుట్టలు చుట్టలుగా లాక్కెళ్లాలి. గడ్డి అంచుకి అడుగు దూరంలోనే మళ్లిపోవాలి. అంచు దాకా లాగితే ప్రతిసారీ కాస్త మట్టి గడ్డి మొదట్లో పేరుకుంటుంది. రెండు సీజన్లు గడిచేసరికి అక్కడ చిన్న గట్టు తయారవుతుంది. నేలబారుగా వచ్చిన బంతి ఆ గట్టుకి తగిలి రెండో మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ పిల్లాడి మూతి మీదికి లేస్తుంది. వాడు తర్వాత రెండు వారాలు బంతి వస్తే మొహం తిప్పేస్తాడు. కోచ్ వాడి చేతులు సరిదిద్దుతూ కూర్చుంటాడు. దిద్దాల్సింది గట్టుని. బలంగా నీళ్ల పైపు పెట్టి గడ్డి మొదట్లోంచి మట్టిని వెనక్కి కొట్టడమో, గట్టి చీపురుతో ఎదురు ఊడవడమో చెయ్యాలి. ఒక్కసారితో పోదు, నెలకోసారి చెయ్యాలి.

బ్యాటర్ నిలబడే చోట, పిచర్ అడుగు పడే చోట గుంటలు తప్పవు. వాటిలో పొడి మట్టి పోసి పైన చదును చేస్తే మొదటి ఇన్నింగ్స్‌లోనే మళ్లీ తవ్వుకుపోతుంది. గుంటలో వదులు మట్టి మొత్తం తీసి, అడుగు తడిపి, బంకమట్టి పలచగా వేసి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ తడిపి మళ్లీ వెయ్యాలి. రాత్రి పట్టా కప్పి, చుట్టూ బరువులు పెట్టి ఇంటికి పోవాలి.

గీతలకి వాడేది సుద్దపొడే అయ్యుండాలి. సున్నం పనికిరాదు. చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి, కాని సున్నం చెమట తగిలిన చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. స్లయిడ్ చేసి లేచే పిల్లాడు చేసే మొదటి పని అదే చేత్తో కళ్లు తుడుచుకోవడం. అందుకే కాల్షియం కార్బొనేట్ అని సంచీ మీద చదువుకుని మరీ కొనాలి. సాధారణంగా 50 పౌండ్ల సంచీలు వస్తాయి. షెడ్డులో నేల మీద పెడితే చెమ్మ లాగి గడ్డ కడతాయి, చెక్క మీద ఎత్తుగా పెట్టాలి. ముందు బ్యాటర్ గళ్లు గీసుకోవాలి: 6 అడుగుల పొడుగు, 3 అడుగుల వెడల్పు, ప్లేట్‌కి 4 అంగుళాల ఎడం. చెక్క చట్రం ఒకటి చేసి పెట్టుకుంటే దాన్ని నేలకి నొక్కి, పడిన అచ్చు మీద పొడి పోసెయ్యొచ్చు. తర్వాత మొన నుంచి మైదానం చివర హద్దు చూపే ఫౌల్ స్తంభం దాకా తాడు బిగించి, తాడుకి లోపలివైపు గీత లాగాలి. గీత కూడా ఆటలో భాగమే, దాని మీద పడ్డ బంతి ఫెయిరే, అంటే చెల్లినట్టే. తాడు లేకుండా కంటిచూపుతో గీస్తానని బయల్దేరినవాళ్ల గీత అవుట్‌ఫీల్డ్ చేరేసరికి ఎటో పోతుంది. ఆరోజంతా రెండువైపుల తల్లిదండ్రులూ దాని గురించే.

వాన వెలిసాక చేసే తప్పుల చిట్టా ఇంకా పెద్దది. నీళ్లు నిలిచిన చోట చీపురు పట్టుకుని గడ్డిలోకి తోసేవాళ్లు ప్రతి లీగ్‌లోనూ ఉంటారు. నీళ్లతో పాటు మెత్తని మట్టి కూడా పోతుంది. మరుసటి వానకి అక్కడే ఇంకాస్త లోతుగా నీళ్లు నిలుస్తాయి. స్పాంజితోనో చేతి పంపుతోనో నీళ్లు పైకి తీసి బకెట్‌లో పోసుకోవాలి. తర్వాత రేక్‌తో పైపైన గీరి, గాలి ఆడనిచ్చి, కాల్చిన బంకమట్టి గుళికలు పలచగా చల్లాలి. నిలిచిన నీళ్లలోనే సంచీ కుమ్మరిస్తే అంబలి అవుతుంది. పిల్లుల మలం పెట్టెలో పోసే లిట్టర్ గుళికలు చవకని తెచ్చి చల్లేవాళ్లూ ఉన్నారు. ఉండ కట్టే రకం తడి తగిలితే జిగురుగా మారుతుంది, దాని మీద అడుగేసిన పిల్లాడు జారకుండా ఉండడు. ఉరుము వినిపిస్తే మాత్రం బేరం లేదు. అందరూ కార్లలోకి. చివరి ఉరుము నుంచి 30 నిమిషాలు గడిచాకే మళ్లీ మైదానం. మధ్యలో ఇంకోటి ఉరిమితే లెక్క మొదటికి.

ఇవన్నీ ఏప్రిల్ తర్వాతి సంగతులు. అసలు లీగ్ జనవరి చలిలో, లైబ్రరీలో అద్దెకి తీసుకున్న గదిలో మొదలయ్యేది. ప్రెసిడెంటు, ట్రెజరర్, పిల్లల పేర్లూ వయసులూ చూసే ప్లేయర్ ఏజెంట్, సేఫ్టీ ఆఫీసర్, సామాను చూసే మనిషి. బేస్‌బాల్‌కి వయసు లెక్క ఆగస్టు 31 తేదీతో తేల్చేవాళ్లు, కాబట్టి ప్రతి ఏడాదీ సెప్టెంబరులో పుట్టిన పిల్లల అమ్మానాన్నలతో ఒక సుదీర్ఘ చర్చ. మైదానంలో పిల్లల దగ్గర క్రమం తప్పకుండా మెసిలే ప్రతి వాలంటీరుకీ ఏటా బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి. పోయినేడాది అయింది కదా అంటే కుదరదు. ఫారం ఇవ్వని మనిషిని జట్టు కూర్చునే డగౌట్‌లోకి రానివ్వకూడదు, ఎంత స్నేహితుడైనా సరే. మొదటి వారం మొహమాటపడ్డ లీగ్ ఏడాదంతా మొహమాటపడాలి. వాలంటీర్ పని తప్పించుకునేవాళ్ల కోసం చాలా లీగ్‌లు డిపాజిట్ చెక్కు తీసుకునేవి. చెప్పిన గంటలు పనిచేస్తే చెక్కు చింపేస్తారు, లేకపోతే బ్యాంకులో వేస్తారు. నిజంగా బ్యాంకులో వేసిన లీగ్‌లు మాత్రం అరుదు.

చొక్కాల డబ్బు ఊళ్లో దుకాణాలది. పళ్ల డాక్టరు, పిజ్జా కొట్టు, ప్లంబర్, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. ఆ పద్ధతి లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ మూడు జట్లతో ఇది మొదలుపెట్టినప్పుడు ఒక జట్టు దుస్తులకి 30 డాలర్లు సరిపోయాయి. డబ్బిచ్చిన వ్యాపారాల పేర్లే జట్ల పేర్లు: లైకమింగ్ డెయిరీ, లండీ లంబర్, జంబో ప్రెట్‌జెల్. ఆ జూన్ 6న జరిగిన తొలి ఆటలో లండీ లంబర్ 23-8 తేడాతో డెయిరీని ఓడించింది. ఆ స్కోరు చూస్తేనే ఎన్ని వాక్‌లు, అంటే పిచర్ తప్పుడు బంతులకి బ్యాటర్‌కి ఊరికే దొరికే బేస్‌లు, పడి ఉంటాయో పిల్లల జట్టుకి కోచ్‌గా చేసినవాళ్లకి తెలిసిపోతుంది. దాతల బ్యానర్లు కంచెకి కట్టేటప్పుడు ఇనుప తీగ వాడకూడదు. ప్లాస్టిక్ జిప్ టైలే వాడాలి. పెద్ద గాలి వస్తే టై తెగి బ్యానర్ ఒక మూల వేలాడుతుంది, తీగైతే కంచెనే వంచేస్తుంది. చొక్కాల సైజులు ఫారంలో అమ్మానాన్నలు రాసినవి నమ్మకూడదు. ఎంపికల రోజున నమూనా చొక్కాలు బల్ల మీద పెట్టి పిల్లలకి తొడిగి చూడాలి. చిన్నదైతే మార్చాలి, పెద్దదైతే ప్యాంటులో దోపుకుంటారు.

టీ-బాల్ అసలు మజా. నాలుగేళ్ల నుంచి ఆరేడేళ్ల వరకు. పిచర్ వెయ్యడు, రబ్బరు గొట్టం మీద బంతి పెడితే పిల్లలు కొడతారు. స్కోరు ఉండదు. అందరూ ఒకసారి కొట్టేదాకా ఇన్నింగ్స్, చివరి పిల్లాడు కొడితే బేస్‌ల మీదున్న అందరూ హోమ్ ప్లేట్‌కి. గంటలో రెండు ఇన్నింగ్స్ అయితే గొప్ప. బంతి ఎటు పోయినా పన్నెండు మందీ దాని మీద పడతారు. తీసుకున్న పిల్లాడు విసరడు, ఎందుకంటే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. కొట్టినవాడు మూడో బేస్ వైపు పరిగెడతాడు. అవుట్‌ఫీల్డ్‌లో ఒక పాప పసుపుపచ్చ డాండెలియన్ పూలు కోసి గ్లవ్‌లో పోగేస్తూ ఉంటుంది. ఆడపిల్లల్ని 1974లో గాని లిటిల్ లీగ్ అధికారికంగా చేర్చుకోలేదు. న్యూజెర్సీలోని హొబోకెన్‌లో 1972లో మరియా పెపే అనే అమ్మాయి మూడు ఆటల్లో పిచర్‌గా ఆడాక, ఆపించేస్తే, ఆ వ్యవహారం కోర్టుకి వెళ్లి వచ్చిన మార్పు అది. టీ-బాల్ జట్టులో చెప్పినమాట మొదట వినేది ఆడపిల్లలే అని ఏ కోచ్‌నడిగినా చెబుతాడు.

గొట్టం ఎత్తు పిల్లాడి నడుము దగ్గర ఉండాలి. దాన్ని ముందుకాలి వరసలో పెట్టాలి, పొట్టకి ఎదురుగా కాదు. పొట్టకి ఎదురుగా పెడితే చేతులు ముడుచుకుని కొడతారు, బ్యాటు గొట్టానికే తగులుతుంది, బంతి కాళ్ల దగ్గర పడుతుంది. గొట్టం మెడ చీలిపోవడానికి కారణం కూడా అదే. పిల్లాడు ఎక్కడ నిలబడాలో రెండు అడుగుల గుర్తులు సుద్దతో గీసి పెడితే సగం గోల తగ్గుతుంది. బ్యాటు విషయంలో అన్న పాత బ్యాటు తమ్ముడికి ఇవ్వడమే పెద్ద చిక్కు. బ్యాటుని ఒక చేత్తో చాపి పట్టుకోమంటే అర నిమిషంలోపే కిందికి వాలిపోయిందంటే అది బరువు ఎక్కువ. ఈ వయసుకి 24 నుంచి 26 అంగుళాలు చాలు. గ్లవ్ కూడా అంతే, 9 నుంచి 10 అంగుళాలది. పెద్దది కొంటే ఎదిగాక పనికొస్తుందనుకుంటారు గాని, చెయ్యి ముయ్యలేని గ్లవ్‌తో పట్టడం ఎప్పటికీ రాదు.

మన పిల్లలతో ఇంకో ముచ్చట ఉండేది. ఇంటి వెనక నాన్నతో క్రికెట్ ఆడి వచ్చినవాళ్లు కొట్టగానే బ్యాటు చేత్తో పట్టుకునే పరిగెడతారు. బేస్ దగ్గరికి రాగానే బ్యాటు చాపి ఆనిస్తారు. ఇక్కడ బ్యాటు వదిలెయ్యాలి, అదీ విసరకుండా. గొట్టానికి మూడడుగుల దూరంలో ఒక హులాహూప్ పడేసి, కొట్టాక బ్యాటు అందులో పెట్టి పరిగెత్తమంటే రెండు మూడు సాధనలకి అలవాటవుతుంది. వెనక్కి తోసిన బంతి ఇక్కడ ఫౌల్ అని, పరిగెత్తకూడదని, లెగ్ గ్లాన్స్‌కి పరుగులు లేవని చెప్పడానికి ఇంకాస్త ఓపిక కావాలి. అయితే ఎత్తుగా వచ్చిన బంతి కిందికి భయం లేకుండా వెళ్లేది కూడా ఆ పిల్లలే. వాళ్లకి నేర్పాల్సింది చెయ్యి తిప్పడమే. నడుముకి పైన వచ్చే బంతికి వేళ్లు పైకి, కింద వచ్చేదానికి వేళ్లు కిందికి. ఎత్తైన బంతికి దోసిలి పడితే అది వేళ్ల మీదుగా దొర్లి ముక్కుకి తగులుతుంది. అందుకే మొదటి రెండు వారాలు టెన్నిస్ బంతులే వాడాలి. ఒక్కసారి మొహానికి గట్టి బంతి తగిలిందంటే ఆ భయం సీజన్ అంతా ఉంటుంది.

సాధనలో పన్నెండు మందిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ బంతి వేసే కోచ్ పదో నిమిషానికి ఓడిపోతాడు. వరసలో చివరున్న పిల్లాడు అప్పటికే మట్టిలో గుంట తవ్వి ఉంటాడు. నలుగురు చొప్పున మూడు చోట్ల, చోటుకి పది నిమిషాలు. ఒకచోట గొట్టం మీద కొట్టడం, ఒకచోట దొర్లే బంతి పట్టడం, ఒకచోట విసరడం. ప్రతి చోటా ఒక పెద్ద మనిషి ఉండాలి, దానికోసం కంచె అవతల కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్న నాన్నల్ని పేరు పెట్టి పిలవాలి. "ఎవరైనా వస్తారా" అంటే ఎవరూ రారు. విసరడం నేర్పేటప్పుడు అందరూ రెండు వరసల్లో ఎదురెదురుగా ఉండాలి. అడ్డదిడ్డంగా నిలబెడితే తప్పిన బంతి పక్కవాడి చెవికి.

కోచ్ బంతి వేసే స్థాయిలో చాలామంది జాలిపడి ఎత్తుగా, మెల్లగా వేస్తారు. పైనుంచి దిగే బంతిని కొట్టడం పిల్లలకి ఇంకా కష్టం. ఒక మోకాలి మీద కూర్చుని, ఇరవై పాతిక అడుగుల నుంచి తిన్నగా, కాస్త బలంగా వేస్తేనే తగులుతుంది.

పిల్లలే పిచ్ చెయ్యడం, అంటే బ్యాటర్‌కి బంతి వెయ్యడం, మొదలయ్యాక మొదటి నెల చూడ్డానికి ఓర్పు ఉండాలి. వాక్, వాక్, వాక్, ఒకడికి వీపు మీద తగిలి ఏడుపు, మళ్లీ వాక్. ఇక్కడ ముఖ్యమైన మనిషి కోచ్ కాదు, క్లిక్కర్ పట్టుకుని పిచ్‌లు లెక్కపెట్టే తల్లో తండ్రో. 2007కి ముందు పిచర్లకి ఇన్నింగ్స్ లెక్క ఉండేది. ఒక ఇన్నింగ్స్ ఎనిమిది పిచ్‌లతో అవ్వచ్చు, నలభైతో అవ్వచ్చు, మోచెయ్యి మాత్రం పిచ్‌లనే లెక్కపెడుతుంది. 2007 నుంచి పిచ్‌ల లెక్కే. రోజుకి 7, 8 ఏళ్లవాళ్లకి 50, 9, 10 ఏళ్లకి 75, 11, 12 ఏళ్లకి 85. విశ్రాంతి కూడా దాన్నిబట్టే: 20 దాకా అక్కర్లేదు, 21 నుంచి 35కి ఒక రోజు, 50 దాకా రెండు, 65 దాకా మూడు, 66 దాటితే నాలుగు రోజులు. 41 వేసినవాడు ఆరోజు మళ్లీ బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌గా కూర్చోకూడదు. రెండు జట్ల లెక్కగాళ్లూ ప్రతి సగం ఇన్నింగ్స్‌కీ ఒకసారి అంకె సరిచూసుకోవాలి. ఆట చివర్లో సరిచూస్తే ఒకరిది 34, ఒకరిది 37 వస్తుంది, అప్పుడు ఆ పిల్లాడికి విశ్రాంతి ఒక రోజా రెండు రోజులా అన్నది ఎవరూ తేల్చలేరు. ఫౌల్ బంతుల దగ్గరే లెక్క తప్పేది. కొట్టగానే కళ్లు బంతి వెంట పోతాయి, బొటనవేలు నొక్కడం మరచిపోతుంది.

జట్టులో పన్నెండు మంది, మైదానంలో తొమ్మిది చోట్లు. ప్రతి పిల్లాడూ కనీసం ఆరు అవుట్లు పడేదాకా ఫీల్డింగ్ చెయ్యాలి, ఒకసారి బ్యాటింగ్ చెయ్యాలి. ఇది తప్పించుకోడానికి వీల్లేని నియమం. కొందరు కోచ్‌లు బలహీనమైన పిల్లల్ని ఐదూ ఆరూ ఇన్నింగ్స్‌కి దాచిపెడతారు. నాలుగు ఇన్నింగ్స్ అయ్యేసరికి పది పరుగుల తేడా వచ్చి ఆట అక్కడే ఆగిపోతే ఆ పిల్లలు అసలు ఆడనే ఆడరు. కాబట్టి ముందు రెండు ఇన్నింగ్స్‌లోనే వాళ్లని పంపాలి. నిజానికి దాచిపెట్టే కోచ్ ఎక్కువ ఆటలు గెలుస్తాడన్నది కూడా భ్రమే. జూన్‌కల్లా ఆ పిల్లలే నేర్చుకుని ఉండేవాళ్లు.

అంపైర్లు కూడా వాలంటీర్లే. ఆగస్టులో విలియమ్స్‌పోర్ట్‌లో జరిగి టీవీలో వచ్చే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌కి నిలబడేవాళ్లకి కూడా జీతం లేదు. అక్కడి రెండో స్టేడియం పేరే వాలంటీర్ స్టేడియం, 2001లో కట్టారు. మన లీగ్‌ల్లో చిన్న ఆటలకి పద్నాలుగేళ్ల పిల్లలు అంపైరింగ్ చేసేవాళ్లు. వాళ్ల మీద అరిచే పెద్దమనిషిని మొదటి ఇన్నింగ్స్‌లోనే పార్కింగ్ దాకా సాగనంపాలి. మూడో ఇన్నింగ్స్ దాకా చూద్దాం అనుకుంటే ఆ పిల్లాడు మరుసటి వారం రాడు.

మైదానం పక్కనుండే తినుబండారాల కొట్టు, స్నాక్ షాక్, గురించి రాస్తే అదే ఒక పుస్తకం. హాట్‌డాగ్‌లు, చిప్స్ మీద వేడి చీజ్, పొద్దుతిరుగుడు గింజలు, రింగ్ పాప్ మిఠాయిలు. వేడిగా ఉంచే పదార్థం 135 ఫారన్‌హీట్ డిగ్రీలకి తగ్గకూడదు, థర్మామీటరు పెట్టి చూసి గోడ మీది కాయితంలో రాయాలి. తనిఖీకి కౌంటీ అధికారులు వచ్చి అడిగేది ముందు ఆ కాయితమే, రెండోది చేతులు కడుక్కునే చోటు. గల్లాపెట్టెలో పొద్దున పెట్టిన చిల్లర రాసుకోవాలి, సాయంత్రం ఇద్దరు కలిసే లెక్కపెట్టాలి. నమ్మకం లేక కాదు, రేపు తేడా వస్తే ఒక్కరి మీద పడకుండా.

2018లో కొత్త బ్యాట్ల ప్రమాణం వచ్చినప్పుడు గ్యారేజీల్లో ఉన్న పాత బ్యాట్లు చాలావరకు ఒక్క పూటలో పనికిరాకుండా పోయాయి. ఒకే చెక్కతో చేసినవి తప్ప, మిగతావి యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉంటేనే డగౌట్‌లోకి. ఈ మధ్య టోర్నమెంట్లకి తిరిగే, డబ్బు కట్టి చేరే జట్లు ఎనిమిదేళ్ల పిల్లల్ని కూడా ఎత్తుకుపోతున్నాయి. ఊరి లీగ్‌లో రెండు జట్లకి కూడా పిల్లలు చాలక పక్క ఊరి లీగ్‌తో కలిపి ఆడించాల్సి వస్తోంది. ఎనిమిదేళ్లకే ఒకే ఆట ఏడాది పొడుగునా ఆడించడంలో తెలివి కనిపించదు. వాళ్లకి ఎండాకాలంలో ఈత నేర్పినా భుజం బాగుంటుంది.

జూన్‌లో సామాను వాపసు. ఒక్కో జట్టు సంచీలో హెల్మెట్లు, క్యాచర్ ముసుగు, గొంతు కింద వేలాడే రక్షణ ముక్క, ఛాతీ కవచం, కాళ్ల కవచాలు, బంతులు, మందుల డబ్బా. అన్నీ బయటికి తీసి, ఒక రోజు నీడలో ఆరబెట్టి, అప్పుడు షెడ్డులో పెట్టాలి. చెమటతో ఉన్నది ఉన్నట్టు జిప్ వేస్తే ఫిబ్రవరికి బూజు. ఎండలో కారు డిక్కీలో ఉంచేస్తే హెల్మెట్ లోపలి స్పాంజి ఊడి, కవచాల రబ్బరు పట్టీలు సాగిపోతాయి. పగులు కనబడ్డ హెల్మెట్‌ని పారేసేముందు పట్టీ కోసెయ్యాలి, లేకపోతే ఎవరో ఒకరు చెత్తలోంచి తెచ్చి మళ్లీ సంచీలో పెడతారు. నీళ్లు తాగిన బంతులు బరువెక్కుతాయి, అవి సాధన బకెట్‌కి కూడా పనికిరావు. సంచీ పక్క జేబులో పిల్లల మెడికల్ ఫారాలు ఉంటాయి, వాటిని తీసి ముక్కలు చెయ్యాలి. అందులో పిల్లల అలర్జీల నుంచి అమ్మానాన్నల ఫోన్ నంబర్ల దాకా అన్నీ ఉంటాయి మరి.

ఒక సంచీ మాత్రం ఎప్పుడూ ఆగస్టు దాకా రాదు. ఎవరి డిక్కీలో ఉందో కమిటీలో అందరికీ తెలుసు. అయినా గట్టిగా అడగడానికి ఎవరూ ముందుకు రారు, ఎందుకంటే వచ్చే ఏడాది ఆ జట్టుకి కోచ్‌గా ఉండమని అడగాల్సింది కూడా ఆయన్నే.